పెద్ద రౌటర్ పరువు

ఆస్పత్రి ఆఫీసుగదిలో సీనియర్ ఇంజనీరు నేలమీద కూర్చుని రౌటర్ వెనక కేబుల్ చూస్తోంది. ఆ కేబుల్‌తో కలిపిన రెండు రౌటర్లలో ఒకటి లైను వేగం చెప్పాలి, రెండోది వినాలి; ఆ వేగం చెప్పే సెట్టింగే క్లాక్. జూనియర్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"క్లాక్ ఇటువైపు పెట్టమన్నదెవరు?"

"మేనేజరు సారేనక్కా. ఇది పెద్ద రౌటర్ కాబట్టి వేగం ఇదే చెప్పాలన్నారు."

"ఛీ! పెద్దరికం కుర్చీలో చూపించుకోమను, కేబుల్లో కాదు. క్లాక్ ఏ వైపు నుంచి ఇవ్వాలో కేబుల్ కొస మీదే రాసుంటుంది. ఆ కొస పక్కగదిలో ల్యాబువాళ్ళ చిన్న రౌటర్‌కి ఉంది."

"నేనూ అదే అన్నాను. చిన్నది చెప్తే పెద్దది వినడమేమిటని కసిరారు."

"మరి ఈ రౌటర్ ఒప్పుకుందా?"

"లేదు, తప్పని చూపించింది. అయినా అదే కమాండు మళ్ళీ మళ్ళీ కొట్టించారు."

"ఖర్మ! పొద్దుట్నుంచి రిపోర్టులు రాక రోగులు బెంచీల మీద పడిగాపులు కాస్తుంటే, ఈయనకి రౌటర్ల పరువు కావలసొచ్చింది! వెళ్ళు, ల్యాబువైపు క్లాక్ పెట్టు."

కాసేపటికి అతను పరుగున తిరిగొచ్చాడు.

"లైను లేచిందక్కా! రిపోర్టులు వస్తున్నాయి. సార్‌కి చెప్పనా?"

"ఏమని?"

"చిన్నది చెప్తే పెద్దది వింటోందని."

"నోరు మూసుకో. తెలిసిందంటే ఆ క్లాక్ ఈ నిమిషమే తీయించేస్తాడు."