పై వాటా కిటికీ

పళ్ల డాక్టరు గది. కుర్చీలో, ఆవిడ ఇంటి కింది వాటాలో ఉండే బ్యాండు మాస్టారు.

"నోరు మూసేశారేంటి మాస్టారూ? ఇంకా చూడాలి."

"ముందు నాకొకటి చెప్పండి. పన్ను కదులుతోందని మా ఆవిడక్కూడా చెప్పలేదు నేను. నిన్న మెట్ల దగ్గర మీరెలా కనిపెట్టారు?"

"చెప్తాలెండి. ముందు ఇది వినండి. పన్ను బాగానే ఉంది. చుట్టూ చిగురు జారిపోయి, లోపల ఎముక తరిగిపోయింది. చిగురు కొంచెం కోసి, శుభ్రం చేసి, ఎముక పొడి పెట్టి కుట్టేస్తాను. ఎముక మళ్లీ పెరిగితే పన్ను నిలుస్తుంది."

"పెరిగితే! పెరక్కపోతే?"

"పీకేసి ఇంప్లాంటు. ఎముకలోకి స్క్రూ బిగించి, దాని మీద పన్ను పెడతాం."

"స్క్రూనా? నేనేమన్నా విరిగిన కుర్చీనా బిగించడానికి? సరే, ఈ కోతకైతే ఎన్నాళ్లు ఊదకూడదు?"

"మూడు నెలలు."

"అదీ! ఇప్పుడు బయటపడింది సంగతి!"

"ఏం సంగతి?"

"నాకు తెలీదనుకోకండి. పొద్దున్నే ట్రంపెట్ నోట పెట్టానో లేదో, పైన మీ కిటికీ ధడేల్! ఒక్కనాడన్నా ఎదురుగా వచ్చి అన్నారా? లేదు. ఆ చప్పుడు వింటే చెంప పగలగొట్టినట్టుంటుంది నాకు. ఇప్పుడు ఏకంగా నోరు కుట్టేస్తానంటున్నారు."

"కుట్టేది చిగురండీ, నోరు కాదు."

"రెండూ ఒకటే! ఊదకపోతే బ్యాండులో నా చోట ఇంకొకడు నిలబడతాడు. ఊదడం తప్ప నాకేం వచ్చు, మీరే చెప్పండి."

"అందుకేగా పీకనంటోంది! ఇలాగే ఊదితే పన్ను ఊడి చేతికొస్తుంది. అప్పుడిక పెదవికి ఆసరా ఏది?"

"భయపెట్టకండి. నా పన్ను సంగతి ఎవరు మోశారో అది చెప్పండి. మా క్లారినెట్ వాడేనా?"

"ఎవరూ మోయలేదు. మీరు రోజూ చివర్లో వాయిస్తారే, ఆ పాట... అది పైకెళ్లే చోట ఈమధ్య గాలి జారుతోంది. అక్కడ ఆపేసి, మళ్లీ మొదటికొస్తున్నారు."

"అది పొద్దుటి చలికండీ."

"నిన్నయితే అసలు అక్కడిదాకా వెళ్లనే లేదు."

"అది... అది మీకెలా వినపడింది? కిటికీ మూసేస్తారుగా?"

"మూయడమేంటి? రాత్రి మూసే పడుకుంటాను మాస్టారూ. ఆ రెక్క బిగుసుకుపోయింది, భుజం పెట్టి తోస్తే గానీ తెరుచుకోదు."