నల్లగుడ్డ అవతల

(1989, సిద్దిపేట. పొద్దుగూకింది. పెరట్లో అరుగు మీద నేతపని చేసే రాజమల్లయ్య. చీకటి గది లోపల, మీటరు ముందు అతని కొడుకు దత్తాత్రి. ఇద్దరి మధ్య కిటికీకి నల్లగుడ్డ.)

“మల్ల లేచింది బాపూ. గదిల దీపం లేదు, ఏం లేదు. మీటరు ముల్లు లేచింది.”

“అన్నం తిందాం పా.”

“ఇగో, పడ్డది. కొంచెం సేపు ఊకుంటది, మల్ల లేస్తది.”

“లేస్తే ఏమాయె?”

“ఏమాయెనా! కంటికి కనవడని వెలుగును, ఇన్‌ఫ్రారెడ్‌ను, పట్టే బిళ్ల అది. నేను గీసిన నమూనా. చీకట్ల దాంట్లకెల్లి కరెంటు రావద్దు. గుసగుస వినాల్నంటే మగ్గం ఆగాలె గద? అంచుల పొంటి కరెంటు కారకుంట సుట్టు కట్ట గూడ పెట్టిన. అయినా ఊకుంటలేదు.”

“హైద్రాబాదుల గూడ గిట్లనేనా?”

“గాడ మా ల్యాబు నిండ మిషన్ల గోల. నిన్ను దవాఖాన నుంచి తెచ్చినంక, గీడ్నే బ్యాటరీ మీద నిమ్మలంగ కొలుద్దామనుకున్న. పగలైతే ఇంకా ఎక్కువ సూపెట్టె. ఎండకు బిళ్ల వేడెక్కిందనుకున్న. ఇప్పుడు సల్లగనే ఉన్నది గద!”

“కిటికీకెల్లి ఎల్తురేమన్న...”

“నీ గుడ్డనే గద, రెండు మడతలు.”

“అయితే రాదు. నేను నేసి నేనే అద్దిన నలుపు. సూర్యుడు దండం పెట్టినా లోపటికి రానియ్యది.”

“అందుకే గుడ్డను అనుమానించనే లేదు... ఏదో పొగ వాసనొస్తున్నది.”

“పక్కింటి భూమయ్య. గోడవతల. పొగ తాగుడు తప్ప వానికేం పని.”

“భూమయ్య చేర్యాల పోయిండంటివి పొద్దుగాల?”

“...వచ్చిండేమో. నీ ముచ్చట చెప్పు. రేపేమైతది?”

“పెద్దసార్ల ముందట నిలవడి, నా నమూనా పనికిరాదని చెప్త. బయటోళ్లది తీస్కుంటరు. ఇన్నేండ్ల పని మూలకు వడ్తది.”

“నువ్వే చెప్తవా?”

“అబద్ధమాడాల్నా?”

“ఖళ్... ఖళ్...”

“దగ్గుతున్నవు. మందేసుకున్నవా?”

“దత్తూ. ఇప్పుడు సూడు. లేచిందా?”

“లేదు.”

“ఇప్పుడు?”

“లే... లేచింది! నీకెట్ల తెల్సు?”

“పడ్డదా?”

“పడ్డది. బాపూ, ఏం చేస్తున్నవ్ గాడ?”

“మల్లొకసారి. సూడు.”

“లేచింది... బీడీ! బీడీ తాగుతున్నవా? దమ్ము పీల్చినప్పుడల్లా నిప్పు రగిలి... ఊపిరితిత్తులు సగం పోయినయని డాక్టరు చెప్పలే? సచ్చిపోయిన, నన్ను గన్న అవ్వ పటం మీద చెయ్యేసి మానేస్తనంటివి గద!”

“అంటి. నా గుడ్డల కెల్లి వస్తున్నదా?”

“వస్తున్నది. నలుపు మన కంటికే బాపూ. ఇన్‌ఫ్రారెడ్‌కు గా గుడ్డ జల్లెడ. పగటి ఎండ గూడ అట్లనే వచ్చింది... నాకు తట్టనే లేదు. ముందు అది పారెయ్!”

“ఆగు. కిటికీకి నూనెడబ్బ రేకు అడ్డం పెడ్తున్న. ఆ... పెట్టిన. పీల్చిన. ఇప్పుడు?”

“వద్దు బాపూ!”

“ముల్లు సూడు బిడ్డా.”

“...కదుల్తలేదు.”

“అస్సలుకే?”

“అస్సలుకే.”

“అంటే బిళ్ల మంచిదేనా?”

“మంచిదే బాపూ. శానా మంచిది.”

“సరే. ఆర్పేసిన. ఇగ తిట్టు.”