చేటెడు తవుడు

నౌపడ ఉప్పుమడుల పక్క ఊరు. పాస్టరుగారి భార్య పద్మకుమారి, నెల బాలింత ఈశ్వరిని చూడటానికి వచ్చింది. బిడ్డ పక్క గదిలో, అత్త దాలమ్మ దగ్గరున్నాడు.

“అమ్మగారూ, మెల్లిగా మాటాడండి. పెరటి తలుపు తీసే ఉన్నాది.”

“తీసుంటే ఏటయిందే ఈశ్వరీ? పట్టపగలు ఎవరు వింటారు?”

“ఇంటాది.”

“ఎవరే?”

“దాని పేరు ఎత్తకండి. మీరొచ్చిన పని సెప్పండి.”

“ఆదివారం బాబుని దేవుడికి ప్రతిష్ఠ చెయ్యాలి కదా. ఏ పేరు పెట్టాలో అడిగి రమ్మన్నారు పాస్టరుగారు.”

“పేరొద్దు. పేరెడితే దానికి తెలిసిపోతాది.”

“నెల బిడ్డకి పేరు లేకపోతే ఎలాగే? అదిగో, ఏడుస్తన్నాడు. తెచ్చుకో, పాలియ్యి.”

“మా అత్త సూసుకుంటాది. డబ్బా పాలు ఒట్టేస్తాది.”

“డబ్బా పాలా? రవిక తడిసిపోయింది, చూసుకున్నావా?”

“తడవనియ్యండి.”

“బిడ్డ తూకం పడిపోతన్నాదని ఆశా వర్కరమ్మ నా దగ్గరకొచ్చి లబోదిబోమంది. ఎవరి మీదే నీ పంతం? వాడు నీ కొడు—”

“ఆ మాట అనకండి! మీ కాళ్లు ఒట్టుకుంటాను, అనకండి.”

“ఏ మాటే?”

“పెద్దోడ్ని నా కొడుకూ నా కొడుకూ అని ముద్దులాడినాను. పోయినాడు. రెండోదాన్ని నా తల్లీ అని ఊరంతా తిప్పినాను. అదీ పోనాది. రెండుసార్లూ పెరట్లో అడుగుల సప్పుడు ఇన్నాను. మా ఆయన పిల్లి అన్నాడు. పిల్లి కాదమ్మగారూ. నా గొంతు గుర్తుపట్టి లోపలికొస్తాది అది.”

“ఈశ్వరీ, ప్రార్థన—”

“సేసినాను. రెండోదానికి ఉపాసాలు కూడా ఉన్నాను. తల్లుల కూటంలో మీరు ఏటి సెప్తే అది సేసినాను. ఏటీ అనుకోకండి గానీ, మీకు పిల్లల్లేరు. మీకేటి తెలస్తాది?”

“... మంచినీళ్లున్నాయా?”

“కుండలో ఉన్నాయి. తాగి నాకొక్క సాయం సెయ్యండి. ఆడ్ని కొనుక్కోండి.”

“కొనుక్కోడమేటే? పిచ్చా?”

“మా అత్త సేటలో తవుడు పోసి ఉంచినాది. అది నా ఒళ్లో పోసి, బిడ్డని మీరు తీసుకోవాల. అప్పుడు ఆడు తవుడుకి కొన్న బిడ్డ, నాకు పుట్టినోడు కాదు. అది ఎంత ఎతికినా నా బిడ్డ కనబడడు. ఈ సుట్టుపక్కల ఇలగ కొని పేరెట్టిన తవుడులు, తవిటమ్మలు ఎంతమంది నేరు? అందరూ బతకనేదా?”

“తప్పమ్మా. మనం విశ్వాసులం. పాస్టరు పెళ్లాం తవుడు పోసి బిడ్డని కొనుక్కుందంటే సంఘం ఊరుకుంటాదా?”

“బైబిల్లో బిడ్డని బుట్టలో ఎట్టి ఏట్లో ఒదిలేసిన తల్లి కథ మీరే సెప్పినారు. రాజు కూతురు తీసుకున్నాది. కన్నతల్లి కూలికెల్లి పాలిచ్చినాది. నా కొడుకని ఒక్క మాటన్నాదా? ఆయమ్మది విశ్వాసం, నాది పిచ్చా?”

“అది వేరే.”

“ఏటి వేరే?”

“వేరే అంటే... ఊర్లో ఇంకెవరూ దొరకలేదా నీకు?”

“కూర్మమ్మత్తని అడిగినాను. తలుపేసుకున్నాది. అరుణశ్రీ దండం ఎట్టేసి ఎల్లిపోనాది.”

“ఎందుకూ?”

“ఏమో. తవుడు పొయ్యండమ్మగారూ. బేగి పొయ్యండి. ఆడి ఏడుపు సన్నబడిపోతన్నాది, ఇనండి.”

“... ఆ చేట ఇటు తే. ఒడి పట్టు. ఇంద, అయిపోయింది. దాలమ్మా, బిడ్డని తీసుకురా! ఇటియ్యి. అయ్యో నా తండ్రీ, ఒంట్లో ఏటీ లేదే వీడికి! ఒసే ఈశ్వరీ, గట్టిగా అంటన్నాను, పెరట్లోకి వినబడేలాగ. వీడు నా కొడుకు. పద్మకుమారి కొడుకు. చాలా?”

“సాలమ్మా. సాలు.”

“అయితే పట్టుకో. నా కొడుక్కి ఆకలేస్తన్నాది. పాలియ్యి.”

“ఇస్తాను. ఇస్తాను... ఓలమ్మ, సూడండి ఎలగ తాగుతన్నాడో! మీ... మీ బాబు.”

“తాగనీ. మళ్లీ ఆ ఏడుపెందుకే?”

“పాపం సేసినాను అమ్మగారూ. కూర్మమ్మత్త ఎందుకు తలుపేసుకున్నాదో నాకు తెలుసు. తెలిసే మీకు సెప్పనేదు. ఇకమీద అది మా ఇంటికి రాదు, కొన్నోళ్ల ఇంటికెల్తాది. మీ గుమ్మంలోకొస్తాది. వద్దంటే ఇప్పుడే సెప్పేయండి, తవుడు ఎనక్కిచ్చేస్తాను.”

“రానీయే. నా గుమ్మం దానికి కొత్తేటి? మేం ఈ ఊరు రాకముందు నా ఒళ్లోంచి ఇద్దర్ని ఒట్టుకుపోనాది. ఈపాలి ఆ గుమ్మంలో నాను కూకుని ప్రార్థన సేస్తాను. నువ్వు పాలియ్యి.”