ఏడంతస్తుల మీంచి కాకిని తోలిన శెట్టి

ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో ఈ మధ్య నాకు తారుమారవుతోంది. లిఫ్టు ముందా, కాకి ముందా అని నిన్న పొద్దంతా ఆలోచించినాను. వరుస తప్పినా సంగతి తప్పదు కనుక, అది కూడా జారిపోకముందే రాసి పెడుతున్నాను.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమొచ్చి రెండేళ్ళో మూడేళ్ళో అయింది. మా తర్లుపాడు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. ఊళ్ళో పలకల షెడ్డు కోటేశ్వర్లు శెట్టిది. బడులు తెరిచేలోగా పలకలన్నీ పంపించేసి, జూలైలో పని పలచబడగానే శెట్టి ఒక్కడే హైదరాబాదు చూడబోయినాడు. సత్రంలో కాదు, చుట్టాలింట్లో కాదు, హోటల్లో రూము తీసుకొని వారం రోజులున్నాడు. ఊళ్ళో అంతకుముందు ఎవరూ అట్ల ఉండి రాలేదు. తిరిగొచ్చిన మరునాడు మధ్యాహ్నం అరుగు మీద చేరగిలబడి, ఇత్తడి బిళ్ళ ఉన్న తాళంచెవి ఒకటి వేలికి తగిలించి తిప్పుతూ ఆ సంగతి ఎత్తుకున్నాడు.

వినేవాళ్ళలో అన్నమ్మ ఉంది. అరుగు మీద కాదు, అరుగు కింద మెట్టు పక్కన బండ మీద. షెడ్డులో పలకలను డజన్లు పేర్చి పురికొసతో కట్టే పని ఆమెది. హోటలు సంగతి వినడానికి రాలేదామె. కూతురు లీదియాకు నర్సు ట్రైనింగు కోసం పెట్టిన దరఖాస్తు శెట్టి చేతికిచ్చి పంపింది. పోస్టులో వేద్దామనుకుంటే, “నేను పోతున్నా గదా, ఆఫీసులో నా చేత్తో ఇచ్చొస్తా” అన్నది శెట్టే. కాగితం నలగకుండా దాన్ని చట్రం లేని రెండు పలకల మధ్య పెట్టి, పురికొసతో బిగించి ఇచ్చింది అన్నమ్మ. మా ఊళ్ళో అందరూ అట్లే చేస్తారు. శుభలేఖ అయినా, పొలం కాగితమైనా పలకల నడుమ పెడితే ఇస్త్రీ చేసినట్టుంటుంది.

ఆ కాగితం నెలాఖరులోగా చేరాల. ఆ రోజు ఇరవై ఎనిమిది. చేరకపోతే పిల్ల మరో ఏడాది షెడ్డులో తల్లి పక్కన కూర్చొని పలకలు అరగదీయాల్సిందే. ఇప్పటికే రెండు నెలలుగా ఆ దుమ్ముకు దగ్గుతోంది.

“శెట్టిగారూ, మా పిల్ల కాగితం…” అంది అన్నమ్మ.

“అక్కడికే వస్తా అన్నమ్మా, వరుసగా చెప్పనీ. మధ్యలో దూరితే రుచి పోతుంది” అన్నాడు శెట్టి. “మధ్యరకం హోటలబ్బా అది. దొరలు దిగేది కాదు, మనలాంటి గౌరవస్తులు దిగేది. గుమ్మంలో అడుగు పెడితిని గదా, అడ్డంగా ఒక బల్ల, బల్ల మీద నున్నటి నల్లరాయి, దాని వెనక కళ్ళద్దాల గుమాస్తా. పేరు రాయమని పుస్తకం తోసినాడు. నేను రాస్తానా? ముందు ఆ రాయిని వేలి కణుపుతో ఒక్కసారి తట్టినా. అలవాటు గదా, రాయి కనపడితే చెయ్యి ఊరుకోదు. తట్టి, ‘నాయనా, దీని లోపల బీట ఉంది’ అన్నా. వాడు నవ్వినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడి నవ్వు నోట్లో ఉండంగానే రాయి నడిమికి రెండు ముక్కలు!”

“నువ్వు తట్టినందుకే పగిలిందేమో మామా” అన్నాడు యల్లయ్య. షెడ్డు నుంచి స్టేషనుకు పలకలు తోలే బండి అతనిది.

“చెవి ఉండాల్రా దానికి. మంచి పలక గంట మాదిరి మోగుతుంది, బీట ఉన్నది బొదబొదమంటుంది. తట్టి చూసి లోపలేముందో చెప్తా, పలకైనా సరే, గోడైనా సరే. ఆ మాట ఓనరు చెవిన పడింది. పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ‘అయ్యా, మీరు మా హోటలంతా ఒకసారి తట్టి చూడాల’ అని ఒకటే బతిమాలడం. ఏడంతస్తులు! ఒక్కో గోడా తట్టుకుంటా పోయినా. మూడో అంతస్తులో ఒక గోడ తట్టి, ‘దీని వెనక ఒక ముసలాయన అజీర్తితో పడుకోనున్నాడు’ అన్నా. తలుపు తీసినారు గదా, ముసలాయన! కడుపు పట్టుకొని!”

అరుగు చివర కూర్చున్న కరుణాకరం మాష్టారు పేపరు దించినాడు. లీదియా దరఖాస్తు నింపింది ఆయనే. “ఆయన ఏం తిన్నాడో కూడా మోగిందా శెట్టిగారూ?”

“వంకాయ కూర” అన్నాడు శెట్టి తడుముకోకుండా. “అంతటితో ఓనరు నాకు ఏడో అంతస్తులో రూమిచ్చినాడు. గోడకు తెల్ల బొత్తాం ఒకటుంది. నొక్కితే నలుగురు బంట్రోతులు, మళ్ళీ నొక్కితే ఎనిమిది మంది. ఏం కావాలయ్యా అంటారు. నాకేం కావాల? ఊరికే నొక్కినా, మీ మొహాలు చూద్దామని, అన్నా. ఇక స్నానానికి నీళ్ళు గొట్టంలో నుంచి వాన మాదిరి పడతాయి. వేడి వాన ఒక పక్క, చల్ల వాన ఒక పక్క, నడిమిన నేను.”

“కాగితం ఆ ఆఫీసులో ఎవరి చేతికిచ్చినావయ్యా?” అంది అన్నమ్మ.

“అదే చెప్పబోతున్నా. లిఫ్టు చెప్పకుండా కాగితం చెప్పేదెట్ల?”

కాగితానికీ లిఫ్టుకూ ఏం సంబంధమో అన్నమ్మకు అర్థం కాలేదు. కానీ పెద్దమనిషి చెప్తున్నాడు, అక్కడికే వస్తాడని కొంగు సవరించుకొని కూర్చుంది.

“లిఫ్టంటే ఏందనుకున్నారు? బీరువా మాదిరి గది. ఎక్కి నిలబడితే మన ప్రమేయం లేకుండా పైకి లేస్తుంది. ఒకరోజు నేను పైన నిలబడి కాఫీ తాగుతున్నానా, కింద నుంచి ఒకటే కేకలు. లిఫ్టు అయిదో అంతస్తుకూ ఆరో అంతస్తుకూ నడుమ ఇరుక్కుంది. లోపల పదకొండు మంది! కరెంటోళ్ళు వచ్చినారు, పోయినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను తొంగి చూస్తే ఇనప తాడు కనపడింది. ఓస్, ఇంతేనా, మన పలకరాయి గనిలో బండలు లాగిన చెయ్యే గదా అని, ఎడం చేత్తో కాఫీ లోటా, కుడి చేత్తో తాడు పట్టి ఒక్క గుంజు గుంజినా. ఒక్క చుక్క ఒలికిందా అడుగు?”

“ఒలికిందా మామా?”

“ఒలకలా. కానీ గుంజు కాస్త ఎక్కువైంది. లిఫ్టు పైకొచ్చి, నన్ను కూడా ఎక్కించుకొని, కప్పు చీల్చుకొని ఆకాశంలోకి లేసింది! ఎంత పైకి అనుకుంటిరి? మూసీ నది ముగ్గు గీత మాదిరి కనపడింది. ఇట్ల దక్షిణం దిక్కు తిరిగితే కర్నూలు, ఇట్ల తిరిగితే నల్లమల, ఆ వెనకాల మన తర్లుపాడు, ఇదిగో ఈ ఇల్లు! మిద్దె మీద మా ఇంటిది వడియాలు పెట్టింది. కాకి ఒకటి గురి చూసి దిగుతోంది. నాకు ఒళ్ళు మండి అక్కణ్ణుంచే ‘హుష్’ అన్నా. పోయింది!”

లోపల్నుంచి శెట్టి భార్య రాజ్యలక్ష్మి గొంతు వినబడింది. “నేను ఈ ఏడు వడియాలే పెట్టలేదు.”

“అయితే మిరపకాయలు. అంత ఎత్తు నుంచి తేడా తెలుస్తుందా?”

“నేను చూసినా మామా ఆ కాకిని” అన్నాడు యల్లయ్య గంభీరంగా. “మా ఇంటి మీదుగానే పోయింది. పోతూ పోతూ, ఎవరబ్బా ఈ పెద్దమనిషి అని అడిగింది.”

అందరూ నవ్వినారు. శెట్టి కూడా నవ్వినాడు. అన్నమ్మ నవ్వలేదు. లేచి నిలబడింది. “అయ్యా, నీకు దండం పెడతా. కాగితం ఇచ్చినావా, లేదా?”

శెట్టి వేలికి తిరుగుతున్న తాళంచెవి ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ తిరిగింది.

“ఇయ్యకుండా వస్తానా? ఆ లిఫ్టులో పదకొండు మంది అంటినే, అందులో ఒకామె ఎవరనుకున్నావు? నర్సుల సీట్లన్నీ ఇచ్చే పెద్ద డాక్టరమ్మ! ప్రాణం కాపాడినందుకు ఏం కావాలో కోరుకోమంది. నాకేమీ వద్దు తల్లీ, మా అన్నమ్మ కూతురికి సీటు కావాల అన్నా. అక్కడే నీ పలకలు బయటికి తీసి, ముడి పట్టి ఒక్క లాగు లాగితే ఊడొచ్చింది. కాగితం చూడను కూడా చూడలా ఆమె. పలక మీదే బలపంతో ‘సీటు ఇచ్చినాను’ అని సంతకం పెట్టింది. ఆ పలకలు ఇప్పుడామె ఆఫీసు బల్ల మీదున్నాయి, ఇటొకటి, అటొకటి.”

“రసీదు?” అన్నాడు కరుణాకరం మాష్టారు.

“ఆకాశంలో రసీదు పుస్తకం ఎక్కడుంటుంది మాష్టారూ? పెద్దవాళ్ళ మధ్య మాటే రసీదు.”

అన్నమ్మకు అనుమానమొచ్చింది. సీటు గురించి కాదు, ముడి గురించి. ఆమె వేసే ముడి లాగితే ఇంకా బిగుస్తుంది గానీ ఊడదు. షెడ్డులో అందరికీ తెలుసు, మేకు మొన పెట్టి సడలించాల, లేకపోతే కోసేయాల. ఈయన ఒక్క లాగుకు ఊడిందంటున్నాడు.

“నోరెండిపోయింది, నీళ్ళు తెండే” అని కేకేసినాడు శెట్టి.

రాజ్యలక్ష్మి చెంబు పట్టుకొని వచ్చింది. అరుగు మూలన మంచినీళ్ళ కుండ. దాని మీద మూత తీసి అరుగు అంచున పెట్టి, మొగుడికి నీళ్ళిచ్చి, “నువ్వు కూడా తాగు అన్నమ్మా, ఎండన పడి వచ్చినావు” అంది. అన్నమ్మ అరుగు దగ్గరికి జరిగి దోసిలి పట్టింది. వంగిన ఆమె కళ్ళకు జానెడు దూరంలో ఉంది కుండ మూత. రెండు పలకలు. చుట్టూ పురికొస. నడిమిన ముడి.

దోసిట్లో నీళ్ళు కారిపోయినాయి.

ఆమె అరవలేదు. తడి చేతిని కొంగుకు తుడుచుకొని, వేలి కణుపుతో పై పలకను తట్టింది. మోగలేదు. మెత్తగా, గుడ్డ మీద తట్టినట్టుంది. రెండు పలకల నడుమ ఏదైనా ఉంటే అట్లే ఉంటుంది.

“శెట్టిగారూ” అంది. “గోడ వెనక వంకాయ కూర చెప్పినావు గదా. ఇది కూడా ఒకసారి తట్టి చెప్పు. లోపలేముంది?”

శెట్టి అటు చూసినాడు. ముడి చూసినాడు. తట్టడానికి చెయ్యి లేవలేదు.

కరుణాకరం మాష్టారు దిగి వచ్చినాడు. యల్లయ్య బండి నుంచి మేకు తెచ్చినాడు. అన్నమ్మే ముడి సడలించింది. పై పలక ఎత్తితే లీదియా దరఖాస్తు. కింది అంచుకు కాస్త చెమ్మ తగిలింది గానీ అక్షరం చెదరలేదు.

“ఇది కాగితమా!” అంది రాజ్యలక్ష్మి. “మీరు ఊరికి పోయిన రోజు తలుపు పక్క గూట్లో వదిలేసి పోయినారు. ఇల్లంతా పలకలే, ఇదీ ఒకటనుకొని నేనే కుండ మీద పెట్టినా.”

“నేను… రైల్లో ఎక్కడో పడిపోయిందనుకున్నా” అన్నాడు శెట్టి. ఆ మధ్యాహ్నం ఆయన చెప్పిన మొదటి నిజం అదే.

“అంత ఎత్తు నుంచి కాకిని చూసినోడివి” అన్నాడు యల్లయ్య, “దాని కిందనే కుండ మీదున్న కాగితం కనపడలేదా మామా?”

ఎవరూ నవ్వలేదు. అన్నమ్మ మాష్టారి వైపు తిరిగి, “రైలుబండి ఎన్నింటికయ్యా?” అనడిగింది. సాయంత్రం రైలెక్కి ద్రోణాచలం జంక్షన్లో మారితే ముప్పయ్యో తేదీ పొద్దునకు హైదరాబాదు చేరొచ్చన్నాడాయన. పిల్లను తీసుకొని తానే పోతానంది.

“ఆడవాళ్ళు, ఎన్నడూ పోని ఊరు, ఎక్కడ దిగుతారు?” అని గొణిగినాడు శెట్టి.

రాజ్యలక్ష్మి మొగుడి వేలి నుంచి తాళంచెవి లాగి అన్నమ్మ ముందు పెట్టింది. “దిగే చోటికేం? ఏడో అంతస్తులో ఈయన రూముంది. ఓనరు అంత మర్యాద చేసినాడంట. అందులోనే దిగండి. లిఫ్టు కూడా ఉంది, మెట్లెక్కే పని లేదు.”

“అది కింది రూమే” అన్నాడు శెట్టి నేల చూస్తూ.

“ఏడంతస్తులు?”

“రెండు.”

“లిఫ్టు?”

“మెట్లే.”

“మరి తాళంచెవి ఎందుకిచ్చినారు?”

“ఇయ్యలా. జేబులో వచ్చేసింది.”

అన్నమ్మ కాగితాన్ని మళ్ళీ పలకల నడుమ పెట్టి ముడి బిగించింది. తాళంచెవి తీసి కొంగున కట్టుకుంది.

“హోటలు పేరు చెప్పయ్యా. పాపం ఆ గుమాస్తా వెతుకుతుంటాడు. నేను ఇచ్చొస్తానన్న వస్తువు ఇచ్చే వస్తా.”

అని, యల్లయ్య బండెక్కి పిల్లను పిలవడానికి పోయింది. రెండూ ఇచ్చే వచ్చింది.

ఒరే ప్రభాకరం, నా ఈ రాత సాపు చేసేటప్పుడు ఇందులో పేర్లు ఒకసారి సరిచూసి పెట్టు నాయనా. శెట్టిది ఖాయమే. మాష్టారు కరుణాకరమో, ఇంకెవరో. పిల్ల లీదియానా, దయామణినా అన్నది మాత్రం నాకు పక్కాగా గుర్తు లేదు. నువ్వు పుట్టినప్పుడు బొడ్డు కోసిన నర్సమ్మ ఆమే గదా, మీ అమ్మనడుగు.