మా నాన్న పూడ్చిన కన్నాలు

ఏంటే, వచ్చిన దగ్గర్నుంచీ గోడ మీద ఆ ఫోటోనే చూస్తున్నావ్? ఆ అలలు ఏ సముద్రానివని అడుగుతావు, అంతేగా? గ్యాసు బండ తెచ్చేవాడూ అదే అడిగాడు. కూర్చో చెప్తా. కాళ్ళు పైకి పెట్టుకో, కింద చీమలున్నాయి. అది తీసింది మా తమ్ముడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. ఊళ్ళో వాణ్ణి తడిబట్టలాయన అనేవారు. ఎప్పుడు చూసినా ఒంటి మీంచి నీళ్ళు కారుతుండేవి మరి. సర్ఫింగ్ అంటారు చూడు, పలక మీద నిలబడి అలలెక్కడం, మా దగ్గర అది మొదలెట్టింది వాడే. ఒడ్డున జనం "అయ్యో, ఎవరో మునిగిపోతున్నారు" అని కేకలు. నేను బాగానే ఉన్నానని వాడు చెయ్యూపేవాడు. చెయ్యూపితే ఇంకా పెద్ద కేకలు!

అక్కడితో ఆగాడా? మెడలో కెమెరా, దానికో ప్లాస్టిక్ సంచి. నా పెళ్ళి ఫోటోలు వాడే తీశాడు, ఒక్కటీ తిన్నగా లేదు. మీ తాత జారిపోతున్నట్టూ, నేను పట్టుకుని ఆపుతున్నట్టూ. ఏంట్రా ఇది అంటే, "అల మీంచి చూస్తే లోకం ఇలాగే ఉంటుందక్కా" అన్నాడు. నా పెళ్ళి అల మీద జరగలేదు కదరా! మా అత్తగారు తల వంచి వంచి ఆల్బమంతా చూసింది, మెడ పట్టేసింది పాపం. ఇక వాయిద్యాలు కూడా చేసేవాడు, బకెట్లు, పైపులు, ఏది దొరికితే దాంతో. కూర మీద మూత కనపడక మా అమ్మ ఇల్లంతా వెతికితే, అది వాడి గదిలో తీగకి వేలాడుతూ గణగణమనేది.

మా నాన్నకి ఇవేవీ గిట్టేవి కాదు. పడవలు బాగుచేసేవాడాయన. లప్పం ముద్ద ఎప్పుడూ జేబులోనే. కన్నం కనపడితే చాలు, చెయ్యి ఊరుకోదు. ఓసారి నా పెట్టెకున్న తాళం కన్నం కూడా పూడ్చేశాడు. ఎలా తియ్యను నాన్నా అంటే, "చీమలు దూరవులే" అన్నాడు. నవ్వకు, నిజం. తమ్ముడు పడవల పనిలోకి రానన్నాడని వాడితో మాటలు మానేశాడు. వాడు ఎదురుగా కూర్చునుంటే "మీ తమ్ముడికి అన్నం పెట్టు" అని నాతో చెప్పేవాడు. వాడు కెమెరా ఎత్తితే అటు తిరిగిపోయేవాడు. నాన్న వీపు ఫోటోలు వాడి దగ్గర డబ్బాడు ఉండేవి. "నేను చేసింది ఆయన ఒక్కసారి చూస్తే చాలక్కా" అనేవాడు. ఎప్పుడూ పళ్ళికిలించేవాడే, ఆ మాటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు.

ఏం చెప్తున్నా? ఆఁ, ఆ ఫోటో సంగతి. విరిగిన పలకలూ పాత పడవ చెక్కలూ కలిపి ఇంతెత్తు బొమ్మ చేశాడు, పడవని నిలబెట్టినట్టు. దాన్నిండా కన్నాలు. ఒకటి తొలవడం, ఊదడం, మొహం చిట్లించడం, మళ్ళీ తొలవడం. గాలి వీస్తే దానంతటదే పాడుతుందట. ఒడ్డున నిలబెట్టి, సాయంత్రం రమ్మని ఊరందర్నీ పిలిచాడు. నాన్నని పిలవడానికి నేనెళ్ళా. "నాకు పనుంది" అన్నాడు. సరే, జనం వచ్చారు, గాలీ వచ్చింది. చీరలు ఎగిరిపోతున్నాయి, ఎవరి టోపీయో నీళ్ళలో పడింది. బొమ్మ మాత్రం కిక్కురుమనలేదు! మంగలాయన "ఏమయ్యా, గొంతు పట్టేసిందా దానికి?" అన్నాడు, అందరూ ఒకటే నవ్వు. తమ్ముడు దగ్గరికెళ్ళి చేత్తో తడిమాడు. ఒక్క కన్నం లేదే తల్లీ. అన్నీ నున్నగా పూడ్చేసున్నాయి. అలా పూడ్చేవాడు ఊరికంతటికీ ఒక్కడే. కొడుకు కన్నాల పడవ నలుగురి ముందూ పెడుతున్నాడు, పరువు పోతుందని, పొద్దున్నే వచ్చి కానిచ్చేశాడు మహానుభావుడు. ఇవాళ ఇద్దరూ కొట్టుకుంటారనుకున్నా. తమ్ముడేమో బొమ్మకి నుదురానించి నిలబడ్డాడు, భుజాలు కదుల్తున్నాయి. ఏడుస్తున్నాడని పరిగెత్తా. చూస్తే నవ్వుతున్నాడు! కళ్ళమ్మట నీళ్ళూ కారుతున్నాయనుకో. "అక్కా, చూశాడు. ఒక్కటీ వదలకుండా చూశాడు" అన్నాడు. ఇంతలో జనం వెనకనుంచి నాన్న గొంతు: "ఒరేయ్, లప్పం ఇంకా ఆరలేదు, వేలు పెట్టకు!" ఎన్నేళ్ళకో వాడితో నేరుగా అన్న మాట అది.

కన్నాలుంటేనే పాడుతుంది నాన్నా అని వాడంటే, "కన్నమున్నది పాడటమేంట్రా" అని సణుక్కుంటూ తనే చాకు తీసి ఒక్కోటీ తెరిచాడు. మొదటిది కూయగానే ఉలిక్కిపడ్డాడు. ఆ తర్వాత చాకు తీసిన ప్రతిసారీ చెవి ఆనించడమే! ఒక్కటి మాత్రం తియ్యనివ్వలేదు మా తమ్ముడు. ఆ పూడ్చిన చోటునే ఫోటో తీసి, ఇంత పెద్దది చేయించాడు. దగ్గరికెళ్ళి చూడు. అవి అలలు కాదే, మా నాన్న బొటనవేలి గీతలు, లప్పం మీద పడ్డవి. అన్నన్ని సముద్రాల ఫోటోలు తీసినవాడు ఇంట్లో పెట్టుకున్నది ఇదొక్కటే. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఒక్కోసారి ఎంత గుర్తొస్తారో, ఉత్తినే పోట్లాడుకోడానికైనా ఉంటే బాగుండు అని...

ఏయ్, వేలు పెట్టకు! అద్దం మీద మరకలు పడతాయి.