పురుటి మైల

గద్వాలలో నేతగాళ్ల వీధి. పసిగుడ్డుకు పాలిస్తున్న నేతగత్తెతో, ఆమెకు మగ్గం పెట్టించిన సేటు గడప బయట నిలబడి మాట్లాడుతున్నాడు.

“మగ్గం సప్పుడే లేదేందమ్మా?”

“పురుడు ఎల్లలే గదా సేటూ. పెద్దోడు పుట్టినప్పుడు మైలని ఇరవై ఒక్క దినాలు నూలు సుత ముట్టనియ్యకపోతిరి.”

“గప్పటి మాట గప్పుడు. ఈ కాలంల మైల గియిల ఎవరు చూస్తున్రు? చీర సగంల ఆగింది. రేపు కూసో.”

“నడుము నిలుస్తలేదు. పచ్చి బాలింతను.”

“ఊయల మగ్గం పక్కనే కట్టుకో. నేనేమన్న వద్దన్ననా?”

“మీ బిడ్డకు కాన్పయితే బ్యాంకోళ్లు జీతమిచ్చి ఆరు నెలలు ఇంట్ల ఉంచిరి.”

“అది సర్కారు కానూన్. దానిది నౌకరి. నీది ఇంట్ల పనాయె.”

“మాకు ఏ కానూన్ లేకపాయె. ఉన్న సెలవు ఆ మైలొక్కటే. దాన్ని సుత తీసేస్తిరి.”

“మూఢనమ్మకం పోతే మంచిదే గదా!”

“గీ చీర ఎవరికి సేటూ?”

“కొనేటోళ్లు జమ్ములమ్మ తల్లికి మొక్కిన్రంట. శుక్రారం వచ్చి తీస్కపోతరు.”

“పురిట్ల ఉన్న మనిషి నేసిందని వాళ్లకు చెప్తరా?”

“పిచ్చిదానివా? గది ఎవరన్న చెప్తరా?”

“నేను చెప్తే?”

“చెప్పు. మర్నాడే మగ్గం ఇంకోళ్లింట్ల ఉంటది.”

బిడ్డ ఏడ్చింది. ఆమె రొమ్ము మార్చి పట్టింది.

“రేపు కూసుంట తీ.”

“గట్ల అను. తలకు పోసుకొని కూసో తల్లీ, దేవతకు కట్టే చీర గదా.”