దారి మళ్లించే ఆపరేషన్

సర్జరీ వార్డు, కిటికీ పక్క మంచం. మంచం మీద మరిది, స్టూలు మీద వదిన. పొద్దుటి రౌండ్స్ అయిపోయాయి.

"డాక్టరుకి ఏం చెప్పావు?"

"పాలు తాగు. చల్లారిపోతాయి."

"వదినా, నిన్నే అడుగుతున్నది. నిన్నటిదాకా షంట్ వేస్తానన్న మనిషి ఇవాళ వచ్చి మాట మార్చాడు. మధ్యలో నువ్వు ఆయన గదికి వెళ్లొచ్చావట. సిస్టర్ చెప్పింది."

"ఆ సిస్టర్‌కి సూది గుచ్చడం తప్ప అన్నీ వచ్చు."

"మాట దాటెయ్యకు."

"ఉన్నదే చెప్పాను. పోయిన నెల మన ఊరి ఆసుపత్రిలో రక్తం కక్కుకున్నాక మూడు రోజులు నీకు మతి లేదని చెప్పాను. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలీదు. నువ్వూ చెప్పలేదు."

"మతి లేనివాడికి ఏం తెలుస్తుంది, చెప్పడానికి."

"అందుకే నేను చెప్పాను."

"ఎవరు చెప్పమన్నారు నిన్ను? లివర్ రాయైపోయింది, రక్తం దాన్లోంచి పోలేక వెనక్కి తన్ని అన్నవాహికలో నరాలు పగులుతున్నాయి. గొట్టం దింపి రెండుసార్లు రబ్బరు బ్యాండ్లు వేశారు, రెండుసార్లూ మళ్లీ పగిలాయి. షంట్ వేసి, లివర్‌కి పోయే పెద్ద నరాన్ని ఇంకో నరానికి కలిపి దారి మళ్లిస్తే రక్తం పడే బెడద పోతుందన్నాడు. ఆయన నోటితోనే అన్నాడు."

"అలా లివర్ని తప్పించుకుపోయిన రక్తం శుభ్రపడదనీ, ఆ విషమంతా మెదడుకెక్కుతుందనీ కూడా ఆయన నోటితోనే అన్నాడు. అది నీకు వినపడలేదు."

"అందరికీ ఎక్కదన్నాడు."

"ఒకసారి మతి తప్పినవాడికి మళ్లీ తప్పే ప్రమాదం ఎక్కువన్నాడు. ఆ మూడో మంచం ఆయన్ని చూడు. షంట్ వేసి ఏడాదైంది. బస్సులో కండక్టరులా పెళ్లాన్ని పట్టుకుని టికెట్ తీసుకోమని గొడవ పెడుతున్నాడు."

"బతికున్నాడు కదా."

"ఉన్నాడు."

"మరి ఇవాళ మాట మార్చి చెప్పిన రెండో ఆపరేషనో? ప్లీహం తీసేసి, కడుపు చుట్టూ ఉన్న నరాలు కట్టేస్తారట. మతికి ఢోకా లేదట. రక్తం మాత్రం మళ్లీ పడొచ్చట. పడొచ్చు అంటే ఏంటో తెలుసా నీకు?"

"బకెట్టు పట్టుకున్నది నేను. నీకన్నా నాకే బాగా తెలుసు."

"తెలిసీ అదే చెయ్యమన్నావు. అంటే నేను పోవాలి."

"నువ్వు పోతే నాకేం ఒరుగుతుంది? నీ ఆస్తంతా ఈ మంచం కింద చెప్పుల జతే."

"కసి తీరుతుంది. మొదట్నుంచీ నేనంటే నీకు పడదు."

"పడదు. అది ఇవాళ కొత్తగా కనిపెట్టావా?"

"మరెందుకొచ్చావు? నెల్లాళ్లుగా ఈ చాకిరీ ఎందుకు? ఆ కాగితం మీద షంట్ అని రాయించి, సంతకం పెట్టి వెళ్లిపో. ఇంటివాళ్ల సంతకం కూడా ఉండాలన్నారు కాబట్టి గానీ, లేకపోతే నిన్ను బతిమాలే ఖర్మ నాకేంటి."

"పెట్టను."

"వదినా."

"పెట్టనన్నాను."

"అమ్మా, ఏ ఆపరేషనో పన్నెండులోపు తేల్చుకోమన్నారు డాక్టరుగారు. మత్తు డాక్టరుకి చెప్పాలట."

"చెప్తాం సిస్టర్, మీరు వెళ్లండి."

"విన్నావా? పన్నెండు. అన్నే ఉంటే ఇంత రగడ ఉండేది కాదు. కళ్లు మూసుకుని పెట్టేసేవాడు."

"మీ అన్న మాట ఎత్తకు."

"ఎందుకెత్తకూడదు? నాకు అన్న కాడా?"

"తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లుగా ఊరంతా మీ అన్నని ఏమంటోంది? స్టీరింగ్ మీద నిద్రపోయాడు, వ్యాన్లో ఉన్న ముగ్గురు ఆడకూలీల్ని చంపి తనూ చచ్చాడు అంటోంది. ఆవలింత వస్తే బండి పక్కకి ఆపేసే మనిషిని. నా కూతురు ఆ ముగ్గురి ఇళ్ల ముందు నుంచి నడవలేక ఊరు చుట్టి బడికి పోయింది. పదో క్లాసు దాకా అలాగే పోయింది."

"నేనేం చెయ్యను దానికి? పక్క సీట్లో పడుకున్నాను. కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది. పోలీసులకి చెప్పిందే నీకూ చెప్పాను."

"చెప్పావు."

"ఇప్పుడవన్నీ తవ్వడం ఎందుకు?"

"తవ్వింది నువ్వే."

"సరే, నాదే తప్పు. వదిలెయ్. ఆ మూడు రోజులూ... మతి లేదన్నావు కదా. ఏం చేశాను?"

"ఏం చేస్తావు. సెలైన్ పీక్కున్నావు. సిస్టర్ని అమ్మా అని పిలిచావు."

"అంతేనా?"

"మాట్లాడావు."

"ఏం మాట్లాడాను?"

"పాలు మీగడ కట్టాయి. వేడి చేయించుకొస్తాను."

"పాలు తగలెయ్. కూర్చో. ఏం మాట్లాడాను?"

"ఏం మాట్లాడి ఉంటావనుకుంటున్నావు?"

"మతి లేనివాడు సవాలక్ష వాగుతాడు. తలా తోకా ఉంటుందా వాటికి? ఎవరైనా పట్టించుకుంటారా?"

"పట్టించుకోరు. లాయరూ అదే అన్నాడు."

"లాయరా? లాయరు దగ్గరికి ఎందుకెళ్లావు?"

"చెయ్యి వదులు."

"ఎందుకెళ్లావు వదినా?"

"మూడు రోజులూ దిండుని రెండు చేతులా పట్టుకుని పక్కకి ఈడుస్తూనే ఉన్నావు. 'అన్నా, పోయినవాడివి ఎలాగూ పోయావు, స్టీరింగ్ దగ్గరికి జరుగు, తాగి నడిపింది నేనని తెలిస్తే నన్ను జైల్లో పెడతారు' అన్నావు. మతి లేనివాడి మాట కోర్టులో చెల్లదట. అందుకే నీకు మతి ఉండాలి."